తెర వెనక మేనేజరు

పాటల పిన్ని ఏరిన పాట పెడితే కుట్టు మిషను, తొక్కే మనిషి లేకుండానే, తనంతట తానే కుట్టేసేది. సరే, మనిషి ఉండేది. తొక్కుతున్నానన్న సంగతి ఆ మనిషికి గుర్తుండేది కాదు. అంతవరకు తగ్గించుకోవచ్చు.

ఫోన్లో పాటలు వినిపించే కంపెనీలో పిన్నిది పాటలు ఏరే ఉద్యోగం. బస్సు నడిపేవాళ్ళకొక వరస, వంట చేసేవాళ్ళకొక వరస. పన్నెండేళ్ళుగా ఆమె ప్రాణమంతా మాత్రం కుట్టుపనివాళ్ళ వరస మీదే. ఆఫీసు కింది దుకాణంలో బట్టలు కుట్టే సొంత అక్క పక్కన స్టూలు వేసుకుని, చెవిని పాటకూ కంటిని అక్క పాదానికీ అప్పగించేది. పాదం తడబడిందా, ఆ పాటకు ఉద్వాసనే.

ఒక శుక్రవారం మేనేజరు పిలిచాడు.

"పిన్నీ, కంప్యూటరు ఏం కనిపెట్టిందో చూడు. ఈ ఏడుపు పాటల్ని కుట్టుపనివాళ్ళు ఒక్కరూ మధ్యలో ఆపలేదు. వాళ్ళకవే ఇష్టం!"

"ఆపడానికి చెయ్యి ఖాళీ ఉండాలి కద సార్. రెండు చేతులూ గుడ్డ మీద, ఫోనేమో అల్మరా మీద."

"నచ్చకపోతే లేచి మార్చుకోరూ? సోమవారం నుంచి ఆ వరస కంప్యూటరుదే."

తీర్పు చెప్పిన ఉత్సాహంలో మేనేజరు కింద పడ్డ కలం కోసం వంగాడు. వెనక పర్రుమని ప్యాంటు చిరిగింది. అరగంటలో పెద్దసారుతో మీటింగు.

అయిదు నిమిషాల్లో ఆయన అక్క దుకాణంలో తెర వెనక, చొక్కాతో మాత్రమే నిలబడ్డాడు. ప్యాంటు మిషను మీదుంది. అల్మరా మీది ఫోన్లో పిన్ని కంప్యూటరు వరసే పెట్టింది. పాట నత్తనడక నడిచింది, దాని వెంటే అక్క పాదమూ నడిచింది. గాయకుడు నిట్టూర్చినప్పుడల్లా సూది కూడా ఆగి నిట్టూర్చింది.

"అమ్మా, కాస్త తొందరగా!" తెర అరిచింది.

"కాలు కదలందే నన్నేం చెయ్యమంటావు బాబూ? పాట అలా ఉంది మరి."

"ఆ పాట మార్చెయ్యమ్మా!"

"చేతుల నిండా నీ ప్యాంటే ఉంది నాయనా. ఎలా మార్చను?"

తెర అంచులోంచి మేనేజరు తల బయటికి వచ్చింది.

"పిన్నీ..." అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి. "నీ వరస పెట్టు తల్లీ."

"నా వరస బందు కద సార్?"

"బందూ లేదు, గిందూ లేదు! పెట్టు!"

రెండో పాట సగానికి రాకముందే ప్యాంటు తెర మీంచి లోపలికి ఎగిరి పడింది. సోమవారం నుంచి కంప్యూటరు పాటలు తెచ్చి కుప్ప పోస్తోంది, పిన్ని అక్క పాదం చూసి ఏరుకుంటోంది.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే పిన్ని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్క ముక్క కూడా నిజం కాదు. మేనేజరు ప్యాంటు చిరగనేలేదు. మా అక్కకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."