మా సందులో బదులు నిలిచినవాళ్ళు

మొన్న శుక్రవారం ఇద్దరు కుర్రవాళ్ళు సాల్మియాలో నేనుండే చోటికి వచ్చి, కువైట్‌కు తొలిరోజుల్లో వచ్చిన మనవాళ్ళలో పేరున్న పెద్దల గురించి వీడియో తీస్తున్నామని, నేను పాతకాలపు మనిషిని గనుక నాలుగు మాటలు చెప్పమని అడిగారు. నేను హుషారుగా కొంగు సర్దుకుని పెద్దమ్మ సంగతి మొదలుపెట్టాను. ఆమెది ఏం వ్యాపారమని అడిగారు, వంటమనిషి అన్నాను. మర్యాద తెలిసిన పిల్లలే, టీ తాగేదాకా కూర్చున్నారు, ఫోను మాత్రం జేబులో పెట్టేసుకున్నారు. వాళ్ళకు పట్టని ఆ సంగతి నా ఈడువాళ్ళకైనా పడుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో బ్నీద్ అల్ గార్ పేటలో మా సందు మొత్తం పాత ఇళ్ళే. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసేవాళ్ళలో కడప వైపువాళ్ళూ రాయచోటి వైపువాళ్ళూ చాలామంది ఉండేవాళ్ళం. అందరికంటే ముందు వచ్చింది తానేనని రాయచోటి టైలర్ మామ అనేవాడు, ఆయన విమానం దిగిన రోజు తిన్న తొలి ముద్ద తన చేతిదేనని పెద్దమ్మ అనేది, ఆ తగువు ఎన్నాళ్ళైనా తెగలేదు. మామ కొట్టులో ఉన్న ఫోనే మా అందరికీ దిక్కు. ఊరి నుంచి మంచి వచ్చినా చెడు వచ్చినా ఆ ఫోనుకే వచ్చేది, మామ భార్య చిన్నమ్మ ఆ కబురు మోసుకుని ఇల్లిల్లూ తిరిగేది. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళం మామ మిద్దె మీద చేరితే, పెద్దమ్మ రాగి సంగటి కెలుకుతూ, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరిస్తూ, ఎవరు చిక్కిపోయారో ఎవరు ఇంటికి ఫోను చేయడం మానేశారో చూసి వరసపెట్టి తిట్టేది. ఆమె ఎవరికీ రక్తసంబంధం కాదు. వంటింట్లో నేర్చిన అరబ్బీని కడప యాసలో మాట్లాడేది, ఆ గొంతుకు సరుకులమ్మే బకాలా కొట్టువాడు కూడా లేచి నిలబడేవాడు.

ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరికైనా ఊరికి పోవలసిన ఆపద వస్తే, ఆ మనిషి పనిచేసే ఇంట్లో పని ఆగకుండా మిగిలిన ఆడవాళ్ళం తీరిక దొరికినప్పుడల్లా వంతులేసుకుని వెళ్ళి చేసేవాళ్ళం. దాన్ని మేం బదులు నిలవడం అనేవాళ్ళం. నీకు నిలిచిన మనిషికే నువ్వు తిరిగి నిలవాలని లేదు, ఎవరికి కష్టమొస్తే వాళ్ళకు నిలవాలి, అంతే. మన ఊళ్ళల్లో నాట్లప్పుడు ఒకరి మడిలోకి ఒకరు దిగినట్టుగా, ఆ ఎడారి దేశంలో ఆమె దాన్ని నడిపించింది.

నా వంతు రానే వచ్చింది. మా అమ్మ మంచాన పడిందనీ, నా పేరే కలవరిస్తోందనీ, చూపు దక్కాలంటే వెంటనే రావాలనీ కబురు. నేను పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అనేదాన్ని, ఆమె చెడ్డది కాదు. నాతోపాటు తనూ కళ్ళు తుడుచుకుంది. కానీ మంచం దిగలేని తన అత్తగారిని నేను తప్ప ఎవరు లేపబోయినా ఆ ముసలామె కేకలు పెట్టేది, అందుకని నన్ను పంపడానికి మామాకు ధైర్యం చాలలేదు. పాస్‌పోర్టు ఇంటి యజమాని బాబా బీరువాలో ఉంది.

చిన్నమ్మ చెప్పగానే పెద్దమ్మ తాను పనిచేసే ఇంట్లో మధ్యాహ్నపు వంట ముగించి నేరుగా వచ్చింది. మామాను బతిమాలలేదు, వాదించలేదు. చేతులు కడుక్కుని ముసలామె పక్కన కూర్చుంది, ఏదో గొణుగుతూ వీపు రాసింది, మెల్లగా పక్కకు తిప్పి దుప్పటి మార్చింది. ముసలామె కేక పెట్టకపోగా ఆ చేతిని పట్టుకుని వదల్లేదు. అది చూసి మామా లోపలికి వెళ్ళి బాబాతో మాట్లాడి పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పోయిరా తల్లీ. పొద్దున చిన్నమ్మ వస్తాది, మద్దేనం నుంచి నేనుండా. ఈడ దిగులు పెట్టుకోగాకు" అంది పెద్దమ్మ.

అమ్మ నన్ను గుర్తుపట్టింది. నా చేత్తో గంజి తాగింది. కొన్నాళ్ళు నా ఒళ్ళో తలపెట్టుకుని, కువైట్‌లో నేనేం తింటానో, ఎక్కడ పడుకుంటానో అడిగి అడిగి తెలుసుకుని, తెల్లవారుజామున నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఈ వయసులో కూడా ఆ రోజులు తలచుకుంటే నా అంత అదృష్టవంతురాలు లేదనిపిస్తుంది.

తిరిగొచ్చాక అసలు సంగతి చిన్నమ్మ చెప్పింది. నేను వెళ్ళిన వారానికే, పెద్దమ్మను చిన్నప్పటి నుంచి పెంచిన అక్కకు ప్రాణం మీదికొచ్చిందని అదే కొట్టుకు ఫోను వచ్చిందట. పెద్దమ్మ ఊరికి పోతే ఆ మధ్యాహ్నాలకు ముసలామె పట్టనిచ్చే మరో మనిషి దొరకదు, మామా నన్ను వెనక్కి పిలిపిస్తుంది. కొట్టు మూలన కూర్చుని కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, ముసలామెకు నీళ్ళు పోయడానికి వేళైందని లేచి వెళ్ళిందట. అక్క దక్కలేదు. ఈ మాట నాకు ఊళ్ళో తెలియకూడదని చిన్నమ్మ చేత ఒట్టు వేయించుకుందట.

నేను పరుగున వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడితే, రెక్క పట్టి లేపింది.

"ఇద్దరికీ దక్కకుండా పోవాల్సింది, నీకన్నా దక్కింది గదా. ఖలాస్, ఇంక యేడ్వగాకు. సంగటి తిన్యావా?"

ఆమెను మించిన పెద్ద మనిషిని ఈ దేశంలో నేను చూడలేదు. ఆమె పోయి చాలాకాలమైంది, టైలర్ మామ దంపతులు రాయచోటికి వెళ్ళిపోయారు, సందులో ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. పోయినేడు మా తమ్ముడి చివరి ఘడియలు నేను సాల్మియా వంటింట్లో ఫోనులోనే చూశాను. వాడు నన్ను చూస్తూనే ఉన్నాడు, తెరను తాకబోయాడు కూడా. ఆ రోజు నేను పనిచేసే ఇంటివాళ్ళ అమ్మాయి నిశ్చితార్థపు విందు, పొయ్యి మీద పెద్ద గిన్నెలు. ఇదే భవనంలో మన తెలుగు ఆడవాళ్ళు అంతస్తుకు ఒకరైనా ఉన్నారు, లిఫ్టులో నవ్వుకుంటాం, పండక్కి ఫోనులో పూల బొమ్మలు పంపుకుంటాం. వాడు పోయిన చాలా రోజులకు గానీ తట్టలేదు, వాళ్ళలో ఒకరి తలుపు కొట్టి నాకు బదులు నిలవమని అడగొచ్చన్న ఆలోచనే ఆ వేళ నాకు రాలేదని.