కుడివైపు పైమూల

ప్రెస్సు పనిలోనే బతుకు గడిచింది కాబట్టి, డిజైను పని నేర్చుకునేవాళ్లూ కొత్తగా వ్యాపారం పెట్టుకున్నవాళ్లూ నన్ను ఒకే మాట అడుగుతుంటారు, ఏ పుస్తకాలు చదవమంటారని. చెబుతాను. పుస్తకాల వల్ల బాగుపడినదాన్ని, వాటిని తిడితే నా కళ్లు పోతాయి. కానీ చెప్పిన ప్రతిసారీ నా బొటనవేలు దానంతటదే చూపుడువేలికి రాసుకుంటుంది, కార్డు మూలను తడుముతున్నట్టు. ఇన్నేళ్లయినా ఆ అదురు నా ఒంట్లోంచి పోలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. జహీరాబాద్‌లో మా నాన్నకు చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే రెండు ట్రెడిల్ మిషన్లు, ఒక కటింగ్ మిషన్. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు వేసేవాళ్లం. తెలుగు, ఉర్దూ అక్షరాలు మా దగ్గరే ఉండేవి, కన్నడ పని వస్తే బీదర్ పరుగెత్తాల్సిందే. ఆ ఏడు నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. కళ్లకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. నాకు ఇరవై మూడేళ్లు, డిగ్రీ అయిపోయింది, పెళ్లి మాటలు సాగదీస్తూ ఉన్నాను. ప్రెస్సు నేను చూసుకుంటానన్నాను. నాన్న "చూసుకో గని, ఎవలతోని మాట పడకు" అన్నాడు.

అప్పటికి నా దగ్గర రెండు పుస్తకాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నవి, రెండూ ఇంగ్లిషువి. ఒకటి వ్యాపారం ఎట్లా నడపాలో చెప్పేది. రెండోది అచ్చు పనిలో డిజైను గురించి, అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉండేది. మొదటి పుస్తకం చెప్పినట్టు గోడకు నల్లబోర్డు కొట్టించి, ఏ పని ఎవరిది, ఏ రోజుకు ఇవ్వాలి అన్నది సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి మా అరుగు మీద నిలబడి అరిచేవాళ్లు లేకుండా పోయారు. మా నాన్న ముప్పై ఏళ్లలో చేయలేనిది ఒక సుద్దముక్క చేసింది. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? ఆ రోజుల్లో నాకు పొగరు కాస్త ఎక్కువే, దాచుకోవడం ఎందుకు.

రెండో పుస్తకం కాగితం నిండా కుక్కొద్దని చెప్పేది. మా కార్డులంటే అప్పటిదాకా వినాయకుడు, కలశం, రెండు అరటిచెట్లు, చుట్టూ పూలతీగ, వాటి మధ్య ఊపిరాడక పెళ్లికూతురి పేరు. నేను ఒక్కొక్కటే పీకేశాను. జనం సణిగారు. కోహీర్ రైతు ఒకాయన కార్డును అటూ ఇటూ తిప్పి, "గింత జాగ ఖాళీగ ఇడిశిపెట్టినవ్, అక్షరాలు దొరకలేదా బిడ్డా?" అని అడిగాడు. నేను నవ్వుకున్నాను. వీళ్లకేం తెలుసు అనుకున్నాను.

మా ఎదురుగానే ఒక బట్టల షావుకారు కొత్త దుకాణం కట్టాడు. నాన్నకు చిన్నప్పటి దోస్తు, నేను కాకా అని పిలిచేదాన్ని. దసరా రోజు దుకాణం తెరుస్తున్నాడు. "ఊళ్లో ఎవలు ఎయ్యని తీరుగ ఎయ్యి బిడ్డా" అని కార్డు పని నాకు అప్పజెప్పాడు. ఆ మాట చాలు నాకు. కవరు లేకుండా, పోస్టుకార్డంత సైజులో దళసరి కార్డు అనుకున్నాను. ఒకవైపు అచ్చు, ఇంకోవైపు అడ్రసు. డిజైను పుస్తకంలో ఒక పేజీ నాకు కంఠతా వచ్చు. నాలుగు మూలలూ ఒక్కలాగే ఉంటే చూపు జారిపోతుందని, ఒక మూలను ఏటవాలుగా కోస్తే చేతిలోకి తీసుకున్నవాళ్లు ఆగి చూస్తారని అందులో రాసి ఉంది. పక్కనే బొమ్మ కూడా. అచ్చు వైపు కుడి పైమూల కోయిద్దామనుకున్నాను. అప్పుడు అడ్రసు వైపు అది ఎడమకు వస్తుంది, స్టాంపుకు అడ్డం రాదు. చూడండి, స్టాంపు గురించి కూడా ఆలోచించాను.

కార్డులో ఏముందో నాన్నకు చదివి వినిపించాను. చెవులతోనే తప్పులు పట్టే మనిషి. ఒక్క పొల్లు కూడా తప్పు లేదన్నాడు. మూల గురించి చదివి వినిపించడానికేముంది?

కటింగ్ మిషన్ దగ్గర చాచా ఉండేవాడు. నేను పుట్టకముందు నుంచీ మా దగ్గరే పని. కట్టను మిషన్ మీద వాలుగా పెట్టమంటే ఆయన చెయ్యి ఆగింది. "బేటీ, కోనా కోసుడేంది? జర సోంచాయించు" అన్నాడు, మూల కోసేముందు ఒకసారి ఆలోచించుకోమని. నేను పుస్తకం తెచ్చి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. ఇంగ్లిషు రాకపోయినా బొమ్మ చూశాడు. బతుకంతా అచ్చు పనిలో ఉన్నవాడు, అచ్చయినదాన్ని కాదనలేకపోయాడు. పిడి తిప్పాడు. మూలలన్నీ ఒకే గీతలో తెగాయి. కట్ట ఎంత అందంగా ఉందంటే, దాన్ని అట్లాగే నాన్న చేతికిచ్చి తడమమని చెబుదామనిపించింది. పని ఒత్తిడిలో మరిచిపోయాను.

సోమవారం షావుకారు గుమాస్తా ఆ కట్టలను పోస్టులో వేసి వచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం నేను ప్రెస్సులో ఒక బిల్లు బుక్కు ప్రూఫు దిద్దుతున్నాను. బస్టాండు వైపు నుంచి ఏడుపు వినిపించింది. ఐదారుగురు వస్తున్నారు. ముందు ఒక ముసలాయన, తలకు తువాలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక జుట్టు విరబోసుకున్న ఒక పెద్దావిడ గుండెలు బాదుకుంటూ నడుస్తోంది. అందరివీ తడి ఆరని తలలు. షావుకారు మేనమామ కుటుంబం అని తర్వాత తెలిసింది, కోహీర్ దగ్గర ఊరు. వాళ్లు నేరుగా ఎదురు దుకాణానికి వెళ్లారు.

షావుకారు లోపల స్టూలెక్కి బట్టల తాన్లు సర్దుతున్నాడు. ఏడుపు విని దిగి గబగబా బయటికి వచ్చాడు. వాళ్లను చూడగానే మొహం వాడిపోయింది. "ఎవలు పోయిన్రు మామా?" అన్నాడు.

ముసలాయన నోరు తెరిచాడు, మూశాడు. చివరికి చాలా మెల్లగా, "నువ్వే గద బిడ్డా" అన్నాడు.

ఆ పెద్దావిడ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. నా చేతిలో పెన్సిలు అట్లాగే ఉండిపోయింది. ఏం జరుగుతోందో నాకు ఇంకా అర్థం కాలేదు, నిజంగా కాలేదు.

కార్డు వచ్చిందంటూ వాళ్లంతా షావుకారుతో సహా ప్రెస్సులోకి వచ్చారు. "ఏదీ కార్డు?" అని అడిగాను, నేనేదో నిలదీస్తున్నట్టు. ముసలాయన నన్ను వింతగా చూశాడు. "మూల తెగిన కార్డు ఎవలన్న ఇంట్లకు తెస్తరా అమ్మా? గడప అవుతల్నే చింపి పారేసి, తానం జేసి బస్సెక్కినం."

బల్ల మీద మిగిలిన కట్ట ఉంది. అందులోంచి ఒక్క కార్డు తీశాను. అప్పటిదాకా నేను వాటిని కట్టగానే చూశాను. కట్టగా చూస్తే అది డిజైను. ఒక్కటిగా చేతిలోకి తీసుకుంటే చావు కబురు.

నాకు తెలియని సంగతైతే ఇంత కుంగిపోయేదాన్ని కాదు. పదేళ్లప్పుడు మా తాత పోయాడు. నాన్న అరుగు మీద కూర్చుని చుట్టాలకు పోస్టుకార్డులు రాస్తుంటే, పక్కన కూర్చుని వాటి మూలలు చింపింది నేనే. చదువు రానివాళ్లకు కూడా చూడగానే తెలియాలని అట్లా చింపుతారు. "పెద్దగ చింపకు, అడ్రస్ పోతది" అని నాన్న అంటే, నాలుక పంటికింద పెట్టుకుని జాగ్రత్తగా చింపాను. ఈ చేతులతోనే. ఇంగ్లిషు పుస్తకంలో ఒక పేజీ కంఠతా వచ్చిన నాకు నా చేతులు చేసిన పని గుర్తురాలేదు. చాచా ఆగమన్నాడు కూడా. దానికి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

చాచా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను చెప్పలేదా అనలేదు. అంటే బాగుండేది.

షావుకారు తిట్టలేదు. ఆయన మనసు ఇంకెక్కడో ఉంది. "మా అవ్వకు గూడ పోయింది కార్డు" అన్నాడు.

ఆయన తల్లి అప్పుడు న్యాల్‌కల్ వైపు ఒక ఊళ్లో, కూతురి ఇంట్లో ఉంది. కూతురికి పురుడు పోయడానికి వెళ్లింది, బిడ్డ పుట్టి వారం కూడా కాలేదు. ఆమెకు ఈ కొడుకంటే ప్రాణం. చదువు రాదు. కార్డు చేతికందితే ముందు చూసేది మూలే. ఆమెకేమైనా అయితే, బాలింత గుండె ఆగితే, అన్న ఆలోచన ఆ గదిలో అందరికీ ఒకేసారి వచ్చింది.

మిగతా ఊళ్లకు సైకిళ్ల మీద మనుషులను పంపడం నాన్న ఇంట్లో కూర్చునే చూసుకున్నాడు, కళ్లకు గుడ్డ కట్టుకునే. షావుకారు ఒక జీపు మాట్లాడాడు. నేనూ ఎక్కాను. "నువ్వెందుకు?" అన్నాడు. తప్పు జరిగితే ఖాతాదారు మన దగ్గరికి వచ్చేలోపు మనమే ఎదురెళ్లాలని వ్యాపారం పుస్తకంలో ఉంది. అందుకే వెళ్లానని తర్వాత చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. అబద్ధం. అక్కడ ఉండలేక వెళ్లాను.

దారిపొడుగునా కంది చేలు. సగం దూరం పోయాక, షావుకారు నావైపు చూడకుండా అడిగాడు: "ఆ బుక్కు రాసినోల్ల దేశంల ఎవలు సావరా బిడ్డా?"

చస్తారు. కానీ వాళ్లు కార్డు మూల చింపరు. ఆ సంగతి వాళ్లు రాయాల్సిన పని లేదు, నేను గుర్తుపెట్టుకోవాలి. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు తల దించుకున్నాను.

మా ఆశంతా ఒక్కటే, కార్డు ఆమెకు ఇంకా అంది ఉండదని. ఆ ఊరికి పోస్టు వారానికి రెండు రోజులే వెళ్తుంది. న్యాల్‌కల్ పోస్టాఫీసు ముందు జీపు ఆపి అడిగాం. "నిన్ననే ఇచ్చొచ్చిన" అన్నాడు పోస్టుమ్యాన్. "ముసలామెకే ఇచ్చిన. మూల చూసి నేనే జర దూరం నిలబడి ఇచ్చిన. ఆమె ఏం అనలే. కొంగుకింద పెట్టుకున్నది." ఇదంతా చెప్పి అప్పుడు షావుకారును పోల్చుకున్నాడు. చేతిలోని సంచి జారవిడిచాడు.

ఆ తర్వాత దారి ఎట్లా గడిచిందో నాకు గుర్తులేదు.

ఇంటి ముందు ఏడుపు లేదు, జనం లేరు. అది ఇంకా భయపెట్టింది. పశువుల కొట్టం చూరుకింద ఒక సన్నటి ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జీపు దిగిన కొడుకును చూసింది. లేవలేదు. అరవలేదు. చెయ్యి చాపింది. ఆయన పోయి ముందు కూర్చుంటే మణికట్టు పట్టుకుంది. మేం అక్కడ ఉన్నంతసేపూ ఆ మణికట్టు వదల్లేదు.

"మెల్లగ మాట్లాడున్రి. లోపల బాలింత ఇప్పుడే పండుకున్నది. దానికేం తెల్వదు" అంది.

వక్కాకు సంచిలోంచి కార్డు తీసింది. చింపి పారేయలేదు. బాలింత ఉన్న ఇల్లు, పైకి ఏడవడానికి లేదు, తలారా స్నానం చేస్తే ఎందుకని కూతురు అడుగుతుంది. అల్లుడికి కూడా చెప్పలేదు. ఎవరితోనైనా చదివిస్తే నిజమైపోతుందని చదివించలేదు. నిన్నటి నుంచి ఇక్కడే, ఈ కొట్టంలో, ఆ మూలను వేలితో తడుముతూ కూర్చుంది. తెగిన అంచు ఆమె చెమటకు నల్లబడి ఉంది.

"ముందు పానం పోయిందనుకున్న" అంది కొడుకుతో. "మల్ల చూసిన. గిది చేత్తోని చింపింది గాదు. మిషన్‌తోని కోసినట్టున్నది, జర గూడ వంకర లేదు. మనిషి సచ్చిన ఇంట్ల గింత తీరుగ కోసే తీరిక ఎవలకుంటది, అనుకున్న. నా కొడుకు ఉన్నడు, గిదేదో షోకు పని, అనుకున్న." ఊపిరి తీసుకుంది. "అనుకున్న గని బిడ్డా, నిన్నటి సంది ముద్ద దిగలే."

షావుకారు అప్పుడు ఏడ్చాడు. నోటికి కండువా అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా, అంత పెద్దమనిషి.

నేను పుస్తకాల్లో ఎంతో చదివాను. అక్షరం రాని మనిషి ఒక అంచును తడిమి, దాన్ని కోసిన చేతికి తీరిక ఉందా దుఃఖం ఉందా అని కనిపెట్టగలదని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఆ కనిపెట్టిన దాన్నే పట్టుకుని ఆమె ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పగలు ఒంటరిగా ప్రాణం నిలబెట్టుకుంది.

ఆమె చూపు నామీదికి వచ్చింది. "ఎవలు గీ పిల్ల?"

"కార్డు కొట్టింది గీమెనే అవ్వా" అన్నాడు షావుకారు.

దగ్గరికి రమ్మని సైగ చేసింది. వెళ్లి కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. కార్డును నా అరచేతిలో పెట్టి, నా బొటనవేలు పట్టుకుని ఆ తెగిన అంచు మీద ఒకసారి నడిపించింది.

"మంచిగనే కోసినవ్ బిడ్డా" అంది. "ఇంకెన్నడు కోయకు."