పెద్దమ్మ రేవు టెండరు

ఇవాళ పొద్దున్న కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, ఎవరిదో టెండరు తోసిపుచ్చిన ఉత్తర్వుని హైకోర్టు కొట్టేసిందన్న చిన్న వార్త లోపలి పేజీలో ఓ మూల కనబడింది. మీరైతే చదవకుండా తిప్పేసేవారేమో గానీ, జీవితమంతా వకీలుగా గడిపి ఇప్పుడు అమలాపురంలో తీరిగ్గా కూర్చున్న నేను మాత్రం అక్కడే ఆగిపోయి, మా పెద్దమ్మని తలుచుకున్నాను.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. రాజోలు వైపు గోదావరి రేవులో పెదనాన్నగారు పంటు నడిపేవారు. మనుషుల్నీ సైకిళ్ళనీ కొబ్బరికాయల బస్తాల్నీ అవతలి ఒడ్డుకి చేరవేసే ఆ పంటే వాళ్ళ ఇంటికీ, దాని మీద పనిచేసే సరంగులకీ బతుకుతెరువు. రేవు హక్కుకి ఏటా ప్రభుత్వం టెండరు పిలిచి, ఎక్కువ ధర రాసినవాళ్ళకి ఇచ్చేది. ఆయన పోయేక, పంటు అమ్మేయమని చుట్టాలంతా చెప్పినా వినకుండా, ఆవిడ తన పేరు మీదే టెండరు వేసింది.

అధికారి ఆవిడ ధర రాసిచ్చిన కవరు విప్పకుండానే పక్కన పెట్టేసి, అనుభవం చాలదని రాసేరు. ప్రకటనలో చూస్తే సొంత పంటు ఉండాలి, లైసెన్సు ఉండాలి, ధరావతు కట్టాలి అనే గానీ, అనుభవం మాట ఎక్కడా లేదు. అదేమిటండీ అని అడిగితే, ఆడవాళ్ళు రేవు ఎలా నడుపుతారమ్మా అని మర్యాదగానే అన్నారట. ఆ మర్యాదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటికి నేను హైదరాబాదులో, హైకోర్టులో జూనియర్ని. పెద్దమ్మ బస్సెక్కి నేరుగా మా ఆఫీసుకొచ్చి, తన రేవు తనకి ఇప్పించమంది. మా సీనియరుగారు ఆవిడ్ని కూర్చోబెట్టి, రేవు ఎవరికివ్వాలో కోర్టు చెప్పదనీ, ఎవరు బాగా నడుపుతారో తేల్చడం దాని పని కాదనీ, అధికారి తాను పెట్టిన షరతులకి తాను కట్టుబడ్డాడా, అందర్నీ ఒక్కలా చూసేడా అన్నదే చూస్తుందనీ, కేసు గెలిచినా రేవు దక్కకపోవచ్చనీ ఓపిగ్గా చెప్పేరు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"నా కవరు అందరి ముందూ విప్పిస్తారాండీ?"

విప్పించగలమనే నమ్మకం ఉందన్నారాయన.

"ఆయ్, అది చాలండి" అంది.

వాదన ఎంతో సేపు సాగలేదు. ఈ అనుభవం షరతు ప్రకటనలో ఎక్కడుందో చూపించమని జడ్జిగారు అడిగేరు. ప్రభుత్వ వకీలు కాగితాలు తిప్పి తిప్పి, లేదని ఒప్పుకున్నారు. లేని షరతు పెట్టి తోసెయ్యడం చెల్లదనీ, ఆవిడ టెండరునీ మిగతావాళ్ళతో పాటే చూడాలనీ తీర్పొచ్చింది. ఆ రోజు కోర్టు మెట్లు దిగుతుంటే, నేను సరైన వృత్తిలోకే వచ్చేనన్న ధీమా మొదటిసారి కలిగింది.

నేను తోడు వెళ్ళగా, ఆఫీసులో అందరి ముందూ కవరు విప్పేరు. అంతర్వేది నుంచి వచ్చిన ఒకాయన ఆవిడకంటే ఎక్కువ రాసేరు, రేవు ఆయనకే వెళ్ళింది. పెద్దమ్మ ఏడుస్తుందేమోనని నేను భయపడుతుంటే, ఆవిడ లేచి ఆయనకి నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

"పోతే పోయిందిలే అమ్మడూ. నన్నూ పోటీలో మనిషిగా చూసేరు కదా" అంది.

ఆ ఏడు పంటుని బాడుగ సరుకులకి తిప్పి ఎలాగో నెట్టుకొచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ టెండరు వేస్తే, అనుభవం ఊసు ఎవరూ ఎత్తలేదు. రేవు ఆవిడకే వచ్చింది. వంతెన కట్టేదాకా దాన్ని దర్జాగా నడిపింది. తర్వాత నేను ఎన్నో పెద్ద టెండరు కేసులు వాదించేను, చాలానే గెలిచేను గానీ, వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు చెప్పింది మా సీనియరుగారు ఆవిడకి చెప్పిన మాటలే.

ఇప్పుడు పెద్దమ్మ లేదు, టెండర్లన్నీ కంప్యూటర్లోనే, వేసింది ఆడో మగో చూసే పనే లేదు; అందుకు నాకేం బాధ లేదు, మంచిదే. వంతెన మీద కార్లు క్షణంలో దాటిపోతున్నాయి. ఆ రోజుల్లో కోర్టులో వాదీ ప్రతివాదీ అయినవాళ్ళు కూడా, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఒకే పంటు మీద పక్కపక్కన నిలబడక తప్పేది కాదు. ఆ కాసేపట్లో ఎన్ని కోపాలు చల్లారేవో. ఇప్పుడు మనం ఎవరి పక్కనా అంతసేపు నిలబడటం లేదు.