చచ్చిన జైరోల డబ్బా

చిలకలూరిపేట చుట్టుపక్కల బోరు మోటార్లు కాలిపోతే రైతులు మోసుకెళ్ళేది బుడాన్ కొట్టుకే. వైరు చుట్టడంలో అతని చేతికి పేరుంది. నోటికి అంతకంటే పెద్ద పేరుంది. మోటారు విప్పి చూసి, దీనికి ఇదివరకు వైరు చుట్టింది పశువుల తాళ్ళు పేనేవాడా అని అడిగితే గానీ అతనికి పనిలో చెయ్యి పెట్టబుద్ధి కాదు. చుట్టింది నువ్వేగదయ్యా అని రైతు గుర్తు చేసిన సందర్భాలూ లేకపోలేదు. అప్పుడు, నేను చుట్టినదాన్ని కూడా తగలబెట్టగలిగావంటే నువ్వు మామూలోడివి కాదు అనేవాడు. తప్పు ఎటు తిరిగినా చివరికి ఎదుటివాడి గుమ్మంలోనే ఆగాలి. అది అతని పద్ధతి.

యాభై ఏడేళ్ళ ఆ మనిషికి రిమోట్ హెలికాప్టర్ల పిచ్చి మోటార్ల దారినే పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ కిందట గుంటూరు నుంచి ఒక ఇంజనీరు అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన నల్ల డబ్బా ఒకటి పట్టుకుని వచ్చాడు. లోపల వేలిగోరంత మోటారు, దానికి రెండు పక్కలా ఇత్తడి చక్రాలు. మోటారు కాలిపోయింది. దీన్ని జైరో అంటారని ఇంజనీరు చెప్పాడు. హెలికాప్టరు పైరెక్కలు ఒకవైపు తిరిగితే దాని ఒళ్ళు రెండోవైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న పంకా. పైరెక్కల జోరు మారినప్పుడల్లా తోక పంకా తోపు కూడా మారాలి. మనిషి వేలు అంత చురుగ్గా అందుకోలేదు. ముక్కు పక్కకు తిరగబోతోందని పసిగట్టి, తోక రెక్కల వాలు మార్చే సర్వో అనే చిన్న మోటారుకి కబురు పంపేది ఈ జైరోనే.

బుడాన్ వెంట్రుకంత తీగతో ఆ బుల్లి మోటారుకు మళ్ళీ చుట్టి బతికించాడు. ఇంజనీరు పొంగిపోయి అతన్ని వెంటబెట్టుకెళ్ళి ఎగరేసి చూపించాడు, నేర్పించాడు, బదిలీ మీద వెళ్ళిపోతూ ఆ పాత హెలికాప్టర్ని అతనికే వదిలేశాడు. ఆ రోజు నుంచి జైరో అంటే బుడాన్‌కి లోపల చక్రం తిరిగేదే. తర్వాత వచ్చినవన్నీ చక్రం లేని చిప్పు డబ్బాలు. వాటి మాట ఎత్తితే చాలు, పెదవి విరిచేవాడు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే తుళ్లూరు దగ్గర, రాజధాని కోసం వేసి ఇంకా బళ్ళు ఎక్కని వెడల్పాటి రోడ్డు ముక్క మీద, ఓ పదిమంది పోగవుతారు. అందరివీ రకరకాల హెలికాప్టర్లు, అందరికీ నల్లకళ్ళద్దాలు. బుడాన్ లెక్కలో వాళ్ళలో సగం మంది వీడియోలు చూసి హెలికాప్టరు కొన్నవాళ్ళు, మిగతా సగం హెలికాప్టరు కొన్నాక వీడియోలు చూసేవాళ్ళు. జైరో దిక్కు సరిచూడటం కూడా రాదు వాళ్ళకి. అదేమంత విద్యా? ముక్కును చేత్తో కుడికి తిప్పాలి. రిమోట్‌లో ఎడమకి తిరగమంటే సర్వో ఎటు కదులుతుందో, ఇప్పుడూ అటే కదలాలి. ఎదురు కదిలిందంటే జైరో తిరగబడి ఉన్నట్టు. నేల వదలగానే హెలికాప్టరు బొంగరమవుతుంది. ఈ ముక్క బుడాన్ అదే జనానికి నాలుగేళ్ళుగా చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు ఫోనులో రికార్డు చేసుకుంటాడు, మళ్ళీ ఆదివారం వచ్చి అదే అడుగుతాడు.

అయినా అందరికీ బుడానే దిక్కు. ఎవరి తోక నిలవకపోయినా అతని ముందు పెట్టాల్సిందే. అతనికొక మంత్రం ఉంది, మిక్సింగ్. జోరు పెంచే స్టిక్ పైకి నెట్టగానే తోకకి కూడా ముందుగానే కొంత తోపు అందేలా రిమోట్‌లో పెట్టే లంకె అది. పాత జైరోకి దాన్ని జత చేస్తేనే తోక కుదురుగా ఉండేది. ఇంజనీరు నేర్పిన మొదటి పాఠం అదే. కొత్త జైరోలకేమో లాక్ అని ఒకటుంది. పాతది ముక్కు తిరుగుతున్నంతసేపే అడ్డుపడుతుంది, ఎంత తిరిగిపోయిందో గుర్తుంచుకోదు. లాక్ ఉన్నది మొదట ముక్కు ఎటు చూస్తోందో గుర్తుపెట్టుకుని మళ్ళీ అటే తెచ్చి నిలబెడుతుంది. అలాగని కంపెనీవాళ్ళు అంటారు. బుడాన్ చేతిలో మాత్రం లాక్ వేసిన ఏ హెలికాప్టరూ నిలవలేదు, ముక్కు మెల్లగా ఒక పక్కకి జారుకుంటూనే ఉండేది. అందుకని అతను లాక్ తీసేసి, పాత పద్ధతిలో మిక్సింగ్ పెట్టి ఎగరేసి చూపించేవాడు. లాక్ తీసే వీలే లేని జైరో వస్తే, ఇది చచ్చింది అని తేల్చేసేవాడు. అలా చచ్చినవన్నీ అతని కొట్టులో ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఒక్కోదాని మీద తెల్ల టేపు, టేపు మీద యజమాని పేరు, చచ్చిన తేదీ. కొట్టుకి వచ్చినవాళ్ళకి ఆ డబ్బా తెరిచి చూపించి, ఇవీ కంపెనీల మోసాలు అని చెప్పడం అతనికి సరదా.

ఆ డబ్బాలో ఒకటి చెంచయ్య గారిది. ఆయనకి వేటపాలెంలో జీడిపప్పు యూనిట్ ఉంది. అరవై దగ్గరపడ్డ మెత్తని మనిషి. మూడేళ్ళ కిందట ఎంతో ముచ్చటపడి లాక్ తీసే వీలు లేని జైరోతో హెలికాప్టరు తెచ్చుకున్నాడు. బుడాన్ మిక్సింగ్ పెట్టి ఇచ్చాడు. పైకి లేవగానే ముక్కు తిరిగింది, ఆయన తడబడ్డాడు, అది రోడ్డు మీద బోర్లాపడింది. బుడాన్ అందరి ముందూ, "మీ వేళ్ళు జీడిపప్పు ఒలవడానికి పుట్టాయండీ చెంచయ్య గారూ, వాటిని వాటి పని చేసుకోనివ్వండి" అన్నాడు. పదిమందీ నవ్వారు. చెంచయ్య కూడా నవ్వాడు. బుడాన్ ఆ జైరోకి టేపు అంటించి డబ్బాలో వేసుకున్నాడు. చెంచయ్య మళ్ళీ రాలేదు. వచ్చినవాళ్ళనే సరిగ్గా తలుచుకోని బుడాన్, రానివాళ్ళ గురించి ఏం ఆలోచిస్తాడు?

ఈ ఏడు మిరపకోతలు అయిపోయాక కోటేష్ కొత్త హెలికాప్టరు కొన్నాడు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజి అతనిది. రెక్కల పొడవు చూస్తే రోడ్డు సరిపోతుందా అనిపించేంత పెద్దది. దాని కోసం అతను చేతి తొడుగులు కూడా కొన్నాడు. బుడాన్‌ని చిలకలూరిపేట నుంచి తన కార్లో ఎక్కించుకుని మరీ తుళ్లూరు తీసుకెళ్ళాడు. బుడాన్ దిక్కు సరిచూశాడు, సర్వో చెయ్యి తొంభై డిగ్రీల్లో నిలబెట్టాడు, మిక్సింగ్ పెట్టాడు. లాక్ మాత్రం తీసేద్దాం అన్నాడు. కోటేష్ ఒప్పుకోలేదు. ఉన్నదాన్ని ఆపుకోవడానికా ఇంత మంచిది తెప్పించింది అన్నాడు. సరే, మీ ఖర్మ అని బుడాన్ పక్కకి జరిగాడు.

హెలికాప్టరు లేచింది. నిలువెత్తు దాటాక కోటేష్ జోరు పెంచాడు. ముక్కు మెల్లగా, ఎవరో పిలిస్తే తిరిగినట్టు, ఎడమకి తిరిగింది. ఎదురు మొహం పెట్టిన హెలికాప్టరుకి కుడి ఎడమలు తారుమారవుతాయి. కోటేష్ ఎటు నెట్టాలో తెలియక ఇంకా జోరు పెంచాడు. అది పోయి రోడ్డు పక్క కాంక్రీటు కాలవ గట్టుకి కొట్టుకుంది. రెక్కలు ముక్కలై ఎగిరాయి.

"నువ్వు సెట్ చేసిందేగా అన్నా," అన్నాడు కోటేష్, పాలిపోయిన మొహంతో.

"నేను సెట్ చేసింది హెలికాప్టర్ని. మీ బొటనవేళ్ళని కాదు."

అప్పుడు నగ్మా కాలవ గట్టు దిగి వచ్చింది. ఆమె నరసరావుపేట జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. నలభై దాటాయి. మూడు నెలలుగా వస్తోంది. జైరోతో వచ్చిన కాగితాలు మొత్తం చదివితే గానీ పెట్టె తెరవదని బుడాన్ ఆమెకి పుస్తకం మేడమ్ అని పేరు పెట్టాడు. ఆమె కోటేష్ రిమోట్ అడిగి తీసుకుని, మోటారు వైర్లు ఊడదీసి, లాక్ వేసే ఉంచి, హెలికాప్టర్ని అందరి ముందూ నేల మీద పెట్టింది. ఎడమ స్టిక్‌ని పక్కలకి కదపకుండా, నిలువునా జోరు మాత్రమే పైకి నెట్టింది. విరిగిన హెలికాప్టరు తోక రెక్కల వాలు, ఎవరూ ఏమీ చెప్పకుండానే, మెల్లగా పాకుతూ చివరిదాకా వెళ్ళి ఆగింది.

"తోకని నేను తిరగమనలేదు బుడాన్ భాయ్. మరి దానికి చెప్పిందెవరు?"

ఆమే నెమ్మదిగా వివరించింది. లాక్ ఉన్న జైరో దృష్టిలో రిమోట్ నుంచి తోకకి వచ్చే ప్రతి కబురూ మనిషి ఆజ్ఞే. మిక్సింగ్ పంపే తోపుని సాయం అనుకోదు, తిరగమని చెప్పారనుకుంటుంది, తిరుగుతుంది. అందుకే లాక్ వేస్తే మిక్సింగ్ సున్నా చేయాలి. ఆ మాట కాగితంలో ఉంది.

కాలేజీ లెక్కలు నేల మీదే పనిచేస్తాయి, గాల్లో వేరు అనేసి బుడాన్ సంచీ భుజాన వేసుకున్నాడు. వచ్చింది కోటేష్ కార్లో అన్న సంగతి పది అడుగులు వేశాక గుర్తొచ్చింది. వెనక్కి తిరగడానికి మనసొప్పక బస్సు దొరికే దాకా ఎండలో నడిచాడు. దారి పొడుగునా నగ్మాని తిట్టుకున్నాడు. మోటార్ల మసి తెలియని చేతులు, సుద్దముక్క పట్టే వేళ్ళు అనుకున్నాడు. ఎంత తిట్టుకున్నా ఆ తోక రెక్కలు పాకడం మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి, బిస్కెట్ల డబ్బా, తన పాత హెలికాప్టరు తీసుకుని పత్తి జిన్నింగు మిల్లు వెనక ఖాళీ జాగాకి వెళ్ళాడు. మొదట చేతికి తగిలిన జైరో బిగించాడు. మిక్సింగ్ సున్నా చేశాడు. లేపాడు. పక్కనుంచి గాలి కొడుతోంది. అయినా హెలికాప్టరు ముక్కు మిల్లు గోడ మీద ఉన్న ఒక మరక వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. జోరు పెంచాడు, తగ్గించాడు. అది మరక మీద నుంచి చూపు తిప్పలేదు. దించి రెండోది బిగించాడు. తర్వాత మూడోది. డబ్బాలో ఉన్నవి పదకొండు. అందులో తొమ్మిది నిక్షేపంగా ఉన్నాయి. రెండు నిజంగానే చచ్చాయి. ఆ రెండూ చచ్చినందుకు అతనికి కాస్త ఊరట కలిగింది. ఆ ఊరట చూసుకుని తన మీద తనకే రోత పుట్టింది. అంతవరకూ ఆ రుచి ఎరగడు.

బుధవారం వేటపాలెం వెళ్ళాడు. చెంచయ్య యూనిట్లో కాల్చిన జీడిగింజల ఘాటు గొంతుకు పట్టుకుంది. చెంచయ్య కుర్చీ వేయించాడు. బుడాన్ ముందు కంపెనీవాళ్ళ అచ్చు అక్షరాలు చీమల్లా ఉంటాయని తిట్టాడు, తర్వాత ఇంగ్లీషుని తిట్టాడు. చెంచయ్య ఓపిగ్గా విని, టేపు అంటించిన జైరోని చేతిలోకి తీసుకుని తన పేరు చదువుకున్నాడు.

"అంటే ఇది బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. మిక్సింగ్ తీయాలని నాకు తెలియదు."

పుట్టి బుద్ధెరిగాక బుడాన్ నోట తెలియదు అన్న మాట రావడం అదే మొదలు కావచ్చు. చెంచయ్య జైరోని బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు నువ్వన్న మాటకి నేనూ నవ్వానయ్యా. ఇంటికొచ్చి చేతులు చూసుకున్నాను. వణుకుతున్నాయేమో, నాకే తెలియట్లేదేమో అనిపించింది. ఒంగోలు వెళ్ళి నరాల డాక్టరుకి చూపించుకున్నాను."

బుడాన్ దగ్గర ఎదుటివాడి గుమ్మంలోకి నెట్టడానికి ఏమీ మిగల్లేదు. డాక్టరు ఏమీ లేదన్నాడని చెంచయ్యే చెప్పాడు. ఏమీ లేదంటే ఇంకా దిగులేసిందట. చేతులు బాగుండి కూడా చేతకాలేదంటే ఇక మనిషే పనికిరాడని.

హెలికాప్టరు ఆఫీసు అటక మీద గుడ్డ కప్పి ఉంది. బుడాన్ దించి, దుమ్ము తుడిచి, జైరో బిగించి, మిక్సింగ్ సున్నా చేసి, యూనిట్ వెనక ఖాళీ ఆవరణలో పెట్టాడు. అన్నాలకి లేచిన ఆడవాళ్ళు గోడ వారన నిలబడి చూశారు. చెంచయ్య మోకాలెత్తు లేపాడు. చీరాల వైపు నుంచి సముద్రపు గాలి తోస్తున్నా ముక్కు ఇంచు కదల్లేదు. ఆయన నోరు తెరుచుకుని చూస్తూ జోరు ఒక్కసారిగా తగ్గించేశాడు. అది దబ్బున కూలబడి ఒక కాలు వంకరపోయింది.

బుడాన్ వంగి ఆ కాలు సరిచేయసాగాడు. మాట పెదవి దాకా వచ్చి ఆగింది. చెంచయ్య అది కనిపెట్టాడు.

"అనెయ్యవయ్యా. లోపల పెట్టుకుంటే నీకు అరగదు."

"దించడం అంటే పడెయ్యడం కాదండీ," అన్నాడు బుడాన్.

చెంచయ్య ఇంకోసారి లేపాడు.

మిగతా జైరోలు ఎవరివి వాళ్ళకి చేరాయి. కొందరు థాంక్స్ చెప్పారు, ఒకాయన ఫోనులోనే చెడామడా తిట్టాడు, బుడాన్ పూర్తిగా విన్నాడు. కోటేష్ మళ్ళీ పిలవలేదు, హైదరాబాదు నుంచి ఎవరినో రప్పించుకున్నాడు. ఆ వచ్చినవాడు సర్వో చెయ్యి వంకరగా బిగించాడని తెలిసిన రోజు బుడాన్ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నగ్మాకి మాత్రం ఏమీ చెప్పలేదు. తర్వాతి ఆదివారం తుళ్లూరు రోడ్డు మీద ఎవరిదో తోక జారుతుంటే రిమోట్ లాక్కుని మిక్సింగ్ సున్నా చేసి ఇచ్చాడు. లాక్ వేస్తే మిక్సింగ్ ఉండకూడదని కాగితంలో మొదట్లోనే రాసి ఉంటుంది, ఒక్కడన్నా చదివి చావడేం అని అందరినీ కసిరాడు. పది అడుగుల దూరంలో నగ్మా కాలవ గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె విన్నది. ఒకసారి తలెత్తి అతని వైపు చూసి, చేతిలో ఉన్న పుస్తకంలో పేజీ తిప్పింది.