మీడియం ఒళ్లు

ఆ ఫ్యాక్టరీలో అందరూ అతన్ని మీడియం అంటారు. ఇరవై రెండేళ్ల కిందట టైలరుగా చేరాడు. వారం తిరక్కుండా అప్పటి కటింగ్ మాస్టరు అతని నడుముకి టేపు చుట్టి చూసి, వీడి ఒళ్లు అచ్చం గుడ్డ కోసే మీడియం సైజు పాటర్న్ కాగితంలా ఉందన్నాడు. అప్పట్నుంచీ అక్కడ కుట్టే ప్రతి మగవాళ్ల డ్రాయరూ ముందు అతని ఒంటిమీదికి ఎక్కాల్సిందే. అతను సరేనంటేనే గుడ్డ కోస్తారు.

కోత హాలుకి పైన, మెట్ల పక్కన అతని గది. ఒక అద్దం, ఒక బల్ల, ఒక పీట, గోడకి కొక్కెం. వేసుకుని నిలబడతాడు. కూర్చుంటాడు. గొంతుక్కూర్చుంటాడు. బస్సెక్కుతున్నట్టు ఒక కాలు పీట మీద పెడతాడు. తర్వాత ప్యాంటు తొడుక్కుని మూడంతస్తులూ ఎక్కి దిగుతాడు. కుట్టు ఎక్కడ ఒరుసుకుంది, పట్టీ ఎక్కడ ఎర్రగా గీత పెట్టింది, తొడల దగ్గర గుడ్డ పైకి పాకిందా, ముందున్న పౌచ్ బరువు మోసిందా వదిలేసిందా, అన్నీ కాగితం మీద రాస్తాడు. బాగుంది అని మాత్రం ఎప్పుడూ రాయడు. ఆ మాటతో కుట్టేవాడికి ఏమీ తెలియదంటాడు.

ఆరు నెలలుగా అతని ఎడమ గజ్జలో వాపు ఉంది. నిలబడితే నిమ్మకాయంత దిగుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. హెర్నియా, ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. సంగతి భార్యకి ఒక్కదానికే తెలుసు.

"చెప్పెయ్యకూడదూ," అంది ఆమె ఆ పొద్దున కూడా. "ఇప్పుడు మాస్టరు మా తమ్ముడేగా. వాడేమన్నా పరాయివాడా?"

"మీ తమ్ముడు గనకే చెప్పను. వాడి కడుపులో మాట దాగదు."

"ఒళ్లే నీ ఉద్యోగం. దాన్ని ఎన్నాళ్లు దాస్తావు?"

"ఒళ్లు మారిందని తెలిస్తే ఆ గది ఇంకొకడికిస్తారు. ఈ వయసులో మళ్లీ మిషను మీద కూర్చుంటే సూది కంటికి ఆనుతుందా నాకు?"

ఆమె చొక్కా అందించింది.

ఆ రోజు బల్ల మీద రెండు సాంపిళ్లు ఉన్నాయి. మొదటిది నాలుగేళ్లుగా కుడుతున్న పాత కోత. రెండోది బావమరిది కొత్తగా గీసినది. ఆరు నెలలుగా మీడియం రాసిచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని, కొంచెం కొంచెం సరిచేస్తూ వచ్చాడు. పదకొండింటికి కోత మొదలు. నాలుగు వేల డ్రాయర్లకి సరిపడా గుడ్డ కింది హాల్లో పొరలుగా పరుస్తున్నారు.

పాతది వేసుకున్నాడు. మొదటి అంతస్తులోనే ఎడమ కుట్టు కొరికింది. మూడో అంతస్తుకి వెళ్లేసరికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కొత్తది వేసుకున్నాడు. ఎవరో అరచేత్తో ఒడుపుగా పట్టుకున్నట్టుంది. ఎక్కి దిగినా కదల్లేదు.

రాయడానికి కూర్చున్నాడు. 'ఎడమ' అని రాసి ఆగాడు.

పాత కాగితాలు తిరగేశాడు. ఎడమ బిగువు. ఎడమ ఇంకొంచెం వదలాలి. ఎడమ అర వేలు. అంతకు ముందు ఇన్నేళ్లలో ఒక పక్క గురించి విడిగా ఎప్పుడూ రాయలేదు.

గడియ పెట్టి బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్లు ముడిచాడు. వాపు మెల్లగా లోపలికి జారింది. వేళ్లతో అక్కడే అదిమి పట్టుకుని లేచి, ఒంటిచేత్తో పాతది తొడుక్కున్నాడు. ఎక్కడా పట్టలేదు. కొత్తది తొడుక్కున్నాడు. ఎడమవైపు గుడ్డ బోలుగా ముడుచుకుంది. ఉన్నదంతా అటు ఒరిగి, మధ్య కుట్టు తొడకి తగిలింది. చెయ్యి తీసి ఒక్కసారి దగ్గాడు. వాపు దిగింది. కొత్తది మళ్లీ హాయిగా ఉంది.

తలుపు దబదబా మోగింది.

"ఏం బావా, లోపల కాపురం పెట్టావా? గుడ్డ పరిచేశాం. మేనేజరు గడియారం మింగేసేలా ఉన్నాడు."

లోపలికి రానిచ్చి గడియ పెట్టాడు. చెప్పాడు. బావమరిది నవ్వు సగంలో ఆగింది.

"అంటే ఆరు నెలలు నేను నీ వాపుకి పాటర్న్ గీశానా?"

"అవును."

"అక్కకి తెలుసా?"

"తెలుసు. నేనే చెప్పొద్దన్నాను."

బావమరిది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "రెండోదే మేలని రాసెయ్. కొనుక్కున్నవాడు తన ఒళ్లే వంకరనుకుంటాడు."

"నాలుగు వేల మందీనా?"

పదకొండయింది. అతని కాగితం కోసం ఆగకుండానే కింద కోత మిషను చప్పుడు మొదలైంది. మీడియం ప్యాంటు ఎగదోసుకుంటూ మెట్లు దిగాడు. ప్రతి మెట్టుకీ గజ్జ లాగింది. కత్తి గుడ్డకి జానెడు దూరంలో ఉంది.

"ఆపండి."

"ఏమైంది?" అన్నాడు మేనేజరు. "రాసింది నువ్వేగా?"

"రాశాను. నా ఒళ్లు ఇప్పుడు మీడియం కాదు సార్." అందరి ముందూ చెప్పాడు. కుట్టు మిషన్ల మీది ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

మేనేజరు నమ్మలేదు. అదే నడుము కొలత ఉందని ఇస్త్రీ చేసే అతన్ని పిలిచి, కొత్త కోతలో ఇంకొకటి ఇచ్చి గదిలోకి పంపాడు. అతను సిగ్గుపడుతూ దిగొచ్చాడు.

"బాగుంది సార్."

"బాగుందంటున్నాడుగా," అని మేనేజరు మిషను వైపు తిరిగాడు.

"ఒక్క నిమిషం సార్. ఒరేయ్, కూర్చుని లే. గొంతుక్కూర్చో. నాకోసం కాదు, సరిగ్గా కూర్చో. ఇప్పుడు మెట్లెక్కు. పరిగెత్తకు, ఇంటికెళ్తున్నట్టు ఎక్కు."

కత్తి గుడ్డని తాకకుండా ఆడుతూనే ఉంది. రెండో అంతస్తు మలుపులో ఇస్త్రీ అతను ఆగాడు.

"అన్నా, అంతా ఎడమకి పోతోంది. కుట్టు గీరుతోంది."

"దిగి పాతది వేసుకో."

వేసుకుని ఎక్కాడు, దిగాడు. "ఇదా? ఇందులో ఏమీ తెలియట్లేదన్నా."

"అదే కావాలి," అన్నాడు మీడియం.

మేనేజరు కత్తి ఆపించాడు. గుడ్డ మీది కొత్త పాటర్న్ కాగితం తీసి బల్ల అంచున పెట్టాడు. గొంతు పెంచలేదు. "ఆపరేషన్ చేయించుకో. ఆ గదిలో రేపట్నుంచి ఇతను ఉంటాడు."

"తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత." మేనేజరు వెళ్లిపోయాడు.

బావమరిది మళ్లీ మొదట్నుంచి గీయడానికి తెల్ల కాగితం పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, టేపు తీసి ఇస్త్రీ అతని నడుముకి చుట్టాడు.

"రాసుకో బావా," అన్నాడు, ముఖం చూడకుండా.

మీడియం పెన్సిలు అందుకున్నాడు. నడుము ముప్పై నాలుగు. తొడ ఇరవై ఒకటి. బావమరిది చెప్పిన అంకెలు ఒకదాని కింద ఒకటి రాస్తూ పోయాడు.