కమలకుమారి గారూ, త్యాగరాజు గారి చూర్ణమూ

కమలకుమారి ఏ చూర్ణం డబ్బా అయినా మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే చాలు, అందులో ఏ ఆకు ఎంత పడిందో, ఆ ఆకు ఏ చేనిగట్టున మొలిచిందో, దంచిన వైద్యుడికి ఆ పూట పెళ్ళాంతో మాటలున్నాయో లేవో కూడా చెప్పేస్తుంది. కెనడాలో మా ఊరు సస్కటూన్‌లో ఆవిడ ఎదురుగా పోపుల పెట్టె తెరవడానికి కూడా తెలుగువాళ్ళు జంకుతారు. నమ్మకపోతే నన్నడగండి. ఆవిడ పనిచేసే యూనివర్సిటీలోనే నేను ఫార్మసీ ఒకటిన్నర సెమిస్టర్ చదివాను. నాకు నేర్పడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగల్లేదని అర్థమై బయటికొచ్చేశాను. ఆ విషయంలో కాలేజీ వాళ్ళ కథనం కాస్త వేరుగా ఉంటుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఆవిడకు యాభై రెండేళ్ళు. కాకినాడ మనిషి. మందుల్లో ఏముందో విడగొట్టి చూసే లాబ్‌లో పద్దెనిమిదేళ్ళుగా అనలిస్టు. చిటికెడు పొడిని ద్రావకంలో కరిగించి, వడగట్టి, మెషిన్‌లో పెడుతుంది. అందులో ఉన్న ఒక్కో పదార్థాన్నీ ఆ మెషిన్ వేరుచేసి తెర మీద ఒక్కో గుట్టలా గీస్తుంది. అంతకుముందు ఉత్త ద్రావకం ఒకసారి నడిపి, పాత మందు మరక మిగల్లేదని చూసుకుంటుంది. పూజగదిలో కూడా అంత మడి నేను చూడలేదు. ఫలితం ఏమిటక్కా అంటే, "ఇంకోసారి చూడాలి" అంటుంది. ఇంట్లో ఇడ్లీ ఉడికిందా అని అడిగినా ఇదే జవాబని వాళ్ళాయన ఏడుస్తుంటాడు.

మన సూట్‌కేసుల సంగతి తెలిసిందే. ఇండియా నుంచి ఫలానా రోజు వస్తున్నానని వాట్సాప్ గ్రూపులో ఒకడు అనడం ఆలస్యం, సగం పెట్టె ఇతరుల చూర్ణాలతో నిండిపోతుంది. మోకాళ్ళకొకటి, గ్యాస్‌కొకటి, షుగర్‌కి మూడు. ఇక్కడ డాక్టరు ఏయే మందులు వాడుతున్నారని అడిగితే మనవాళ్ళు మాత్రల పేర్లే చెబుతారు. పొడి మందు కాదు, ఆకు. ఆకంటే కూరలాంటిది. పొద్దున బీరకాయ తిన్నామని డాక్టరుకు ఎవరు చెబుతారు. ఈ వేదాంతం మీదే కమలకుమారి వాళ్ళ లాబ్ నిరుడు ఒక స్టడీ మొదలుపెట్టింది. ఇళ్ళలో ఉన్న ఆకు మందులు తెచ్చివ్వండి, అందులో ఏముందో చూసి చెబుతాం అన్నారు.

మొదట చెయ్యెత్తినవారు త్యాగరాజు గారు. డెబ్భై ఒక్కేళ్ళు. ఎరువుకు పోయే పొటాష్ గనిలో ముప్పై ఏళ్ళు క్వాలిటీ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. షుగర్‌కి డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటూనే, రాజమండ్రి వైపు ఒక వైద్యుడు పంపే పొడి పొద్దునా సాయంత్రం చెంచాడు వేసుకుంటారు. నాలుగు నెలల్లో షుగర్ పాతాళానికి దిగింది. ఆయన పొడి ఇచ్చింది స్టడీ కోసం కాదు, సర్టిఫికెట్ కోసం. యూనివర్సిటీ ముద్ర ఉంటే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడతారట.

జనవరిలో ఒక మంగళవారం కమలకుమారి నాకు ఫోన్ చేసింది. తన కారు చలికి బిగుసుకుపోయిందట. మైనస్ ముప్పై నాలుగులో కూడా పిలవగానే పలికే కారు ఈ ఊళ్ళో నాదొక్కటే. త్యాగరాజు గారింటికి తీసుకెళ్ళాను. ఆవిడ చేతిలో ఒక కవరు, దాని మీద ప్రొఫెసర్ సంతకం.

"సర్టిఫికెట్ తెచ్చావా అమ్మా?" అన్నారాయన.

"లెటర్ తెచ్చానండి. మీ పొడిలో ఆకుతో పాటు షుగర్ మాత్రల్లో వేసే మందుంది. చెంచాకి దాదాపు మూడు మాత్రలంత."

"ఆకుకి ఆ గుణం ఉంటుంది కదా. మీ మెషిన్‌కి ఆకేదో మాత్రేదో తెలిసి ఉండదు."

"ఆకులో పుట్టేది కాదండి అది. ఫ్యాక్టరీలో చేసేది. ఈమధ్య వణుకు గానీ చెమటలు గానీ పట్టాయా?"

"ఏమీ లేదు," అన్నారాయన.

"ఎందుకు లేదూ," అంది టీ తెస్తున్న మీనాక్షి ఆంటీ, ఆయన భార్య. "మొన్న షాపు పార్కింగ్‌లో ఒళ్ళంతా చెమటలు. కారు తాళం ఎక్కడ పెట్టాలో తెలీక అలా కూర్చుండిపోయారు. ఈ చలిలో చెమటలేంటండీ అంటే విషం బయటికి పోతోందన్నారు."

"వైద్యుడు ముందే చెప్పాడు. రెండు లడ్లు తిన్నాను, సర్దుకుంది. షుగరున్నవాడు లడ్లు తిని బాగుపడటం ఎక్కడన్నా విన్నావుటోయ్?" అని నా వైపు తిరిగారు.

విన్నానన్నాను. నేను వినని వింతలు తక్కువ.

"షుగర్ మరీ పడిపోయిందండి, అవి తినబట్టే బతికారు," అంది కమలకుమారి. "ఫార్మసిస్టుకి ఈ పొడి సంగతి చెప్పారా?"

"కూర సంగతి వాళ్ళకెందుకమ్మా. శనివారం ఎడ్మంటన్ వెళ్తున్నాం, మనవరాలు అనన్య డాన్స్ ప్రోగ్రాం. వచ్చాక చూద్దాంలే."

"ఎవరు డ్రైవ్ చేస్తారు?"

"ఇంకెవరు, నేనే. అయిదున్నర గంటలు."

కమలకుమారి టీ కప్పు కింద పెట్టేసింది. మంచు పేరుకున్న హైవే మీద, గంటకు నూట పది కిలోమీటర్ల వేగంతో పోతూ, ఈయనకు స్టీరింగ్ ఎందుకుంటుందో మరుపొస్తే ఏమవుతుందో చెప్పడానికి మెషిన్ అక్కర్లేదు.

త్యాగరాజు గారు మాత్రం తగ్గలేదు. "నీ దగ్గర ఊరందరి డబ్బాలూ ఉన్నాయి. నాది మారిపోయిందేమో."

అక్కకు కోపమొస్తుందనుకున్నాను. "మారుండొచ్చు," అంది. "ఒకసారి తిరిగి చూశాను గానీ అదే డబ్బాలోంచి. సీల్ తీయని ప్యాకెట్ ఒకటివ్వండి. అందాకా పొడి ఆపండి."

ప్యాకెట్ ఇచ్చారు. ఆపే మాట మాత్రం ఇవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ నా కారే. దారిలో ఫలితం చెప్పింది. కొత్త ప్యాకెట్‌లో పొడపత్రి, నేరేడు గింజ, అంతే. మాత్రల మందు చుక్క కూడా లేదు.

"అక్కా, ఈ రెండోది ఇప్పుడు చెప్పకు. చెబితే ఆయన గెలిచినట్టే. రేపు పొద్దున్నే చెంచాడు మింగి స్టీరింగ్ ఎక్కుతాడు. సోమవారం చెప్దువు గాని."

"వచ్చింది చెప్పాలి."

"మనిషి పోతే ఎవరికి చెప్తావు?"

"వచ్చిందే చెప్పాలి," అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ చేతుల్లో కవరు నలిగిపోతోంది. పద్దెనిమిదేళ్ళ మడి మనిషి కాగితం నలపడం నేను చూడటం అదే మొదలు.

ఇంటికెళ్ళగానే ఆవిడ చెప్పింది విన్నాక త్యాగరాజు గారి ముఖం పెళ్ళిపందిరిలా వెలిగింది. "విన్నావా మీనాక్షీ. ఉత్త ఆకేనట."

"ఈ ప్యాకెట్‌లో అంతేనండి," అని కమలకుమారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "మొదటిదాన్లో చెంచాకి మూడు మాత్రలు. దీన్లో సున్నా. రెండిటి లేబులూ ఫొటో తీశాను, చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. నవ్వు మెల్లగా వెళ్ళిపోయింది.

"ఒకే బ్యాచ్చా?"

"ఒకే నంబరండి. తేదీ కూడా అదే."

రెండు కాగితాల మీది గుట్టల్నీ వేలుపెట్టి పోల్చి చూశారు. ప్రాణం పోతుందంటే చలించని మనిషికి చెవులు ఎర్రబడ్డాయి. "గనిలో ఒక్క శాతం తేడా వస్తే సరుకు రైలు ఆపేసినవాణ్ణి నేను. మూడుకీ సున్నాకీ మధ్య తిరుగుతున్నాడా వీడు? కలిపాడా, గుప్పెడేసి చల్లాడా? ఫోన్ ఇలా తే మీనాక్షీ."

ఫార్మసిస్టుకు ఫిర్యాదు చేయడానికని చేశారు. అవతలి అమ్మాయి ముందు మీరు వాడేవన్నీ చెప్పండి అంది. మాత్రలు చెప్పి, "ఇంకో మందు కూడా ఉందమ్మా, పొడి," అన్నారు. నాలుగు నెలల్లో ఆ పొడిని మందు అనడం అదే మొదటిసారి. తర్వాత అరగంట ఆ అమ్మాయి అడుగుతూనే ఉంది.

ఆ వారం త్యాగరాజు గారే తన కథ ఊరంతా చెప్పుకున్నారు. కథ ఆయన చేతిలో మరీ చప్పగా ఉందని, తరువాతి ఆదివారం మన తెలుగువాళ్ళు కలిసే హాల్లో అందరూ భోజనాలు చేస్తుంటే నేను అందుకున్నాను. కమలకుమారి ఒంటిచేత్తో మూడు వందల మంది ప్రాణాలు కాపాడిందనీ, రాజమండ్రి వైద్యుడు భయపడి పోలీసులకు లొంగిపోయాడనీ, కెనడా ప్రభుత్వం ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ళ వేయబోతోందనీ చెప్పాను. వెనక పెరుగన్నం ప్లేటుతో నిలబడి ఆవిడ అంతా విన్నదట. నేను తిరిగి చూసేసరికి చెంచా ప్లేటులో పెట్టి ఇలా అంది:

"మూడు వందల మంది కాదు. నలుగురు డబ్బాలు తెచ్చారు, ఇంకా చూడలేదు. వైద్యుడు ఎవరికీ లొంగలేదు, ఫోన్ ఎత్తట్లేదంతే. త్యాగరాజు గారు పొడి ఆపేశానన్నారు, ఆపారో లేదో నాకు తెలీదు. ఎడ్మంటన్‌కి కారు నడిపింది మాత్రం మీనాక్షి గారు."