ఈనే వరికే ముందు

ఆండాలు రెండు చేతులూ కాలిన బోరు మోటార్ లోపల ఉన్నాయి. మాడి అతుక్కుపోయిన తీగను కటింగ్ ప్లయర్‌తో పట్టి, పోగు తర్వాత పోగు బయటికి లాగుతోంది.

వేములపల్లి రోడ్డు మీద ఆమెది వైండింగ్ షాపు. భర్త దుర్గయ్య ఊళ్లలో బోర్లలోకి మోటార్లు దించే పనికి పోతాడు. అతను తెచ్చిపెట్టిన పాడైన మోటార్లను విప్పి, పాడు చేసి, మళ్లీ విప్పి ఆమె చుట్టడం నేర్చుకుంది.

ఈ మధ్య యాసంగి పంటకు ఎండలు ముందే ముదురుతున్నాయి. బోర్లలో నీళ్లు కిందికి జారి మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోతున్నాయి. వరి ఈని వెన్ను తీసేటప్పుడు మడి ఎండి ఆ వేడి తగిలితే పూత మాడుతుంది, గింజ పట్టదు, అంతా తాలే. అందుకే ఆండాలు ఒక పద్ధతి పెట్టింది. మోటార్‌తో పాటు మడిలోంచి ఒక వరి కర్ర కోసి తేవాలి. ఈనే వరి ఎవరిదైతే వాళ్లకే ముందు.

ఇప్పుడు చేతిలో ఉన్న మోటార్ నాగేష్‌ది. అతనిచ్చిన కర్రకు వెన్ను అప్పుడే బయటపడుతోంది. ఆండాలు దాన్ని బల్ల మీద పెట్టి పని మొదలుపెట్టింది. నాగేష్ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

అంతలో అతని పక్క మడి రైతు మల్సూర్ కిరాయి ఆటోలో మోటార్ తెచ్చాడు. బల్ల మీది కర్ర చూసి ఆగిపోయాడు.

"అక్కా, గిది నా మడిది. నాది సన్నరకం, వీనిది దొడ్డురకం. గెట్టు మీద నిలబడి కోసుకొచ్చిండు."

ఆండాలు వెన్నును వేళ్ల మధ్య నలిపి చూసింది. సన్నరకమే. ముందే చూడాల్సింది.

"నీ కర్రేదిరా నాగేష్?"

"నా మడిల ఏమున్నదని తెస్త? తెల్లగ మాడింది. ఓ మూలకు జర పచ్చగున్నది, గదన్న దక్కుతదని..."

"సచ్చినదానికి నీళ్లెందుకురా, తానం పోస్తవా?" అన్నాడు మల్సూర్.

నాగేష్ చేతికి పైపు పానా అందింది. మల్సూర్ తల మీద పడింది. మల్సూర్ తీగ చుట్టల మీద కూలాడు, చెవి మీదుగా నెత్తురు కారి కొత్త రాగి తీగను తడిపింది. కింద పడ్డవాడే నాగేష్ కాలు పట్టి పిక్క కొరికాడు. నాగేష్ అతని డొక్కలో తన్ని విడిపించుకుని, ఈసారి ఆటోలోని మోటార్ మీదికి పానా ఎత్తాడు.

ఆండాలు కొయ్య సుత్తితో అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆటో డ్రైవర్‌కు కూడా వినిపించింది. ఇంకో చేత్తో పానా అందుకోబోతే మోచేతి మీద కొట్టింది.

"మనిషిని కొట్టినవ్. ఇగ మోటార్‌ను గూడ కొడ్తవా?"

తీగలకు చుట్టే నూలు టేపుతోనే ఒకడి తల, ఒకడి చెయ్యి కట్టింది. దవాఖానకు పొమ్మంటే ఇద్దరూ కదల్లేదు. నాగేష్ మోటార్ పక్కకు జరిపి, మల్సూర్‌ది విప్పింది. నెత్తురంటిన తీగ కోసి అవతల పారేసింది. మంచి తీగను మోటార్ గాడుల్లోకి ఎక్కించి చుడుతుంటే బయట గోడకానుకుని నాగేష్ మూలుగుతున్నాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

పొద్దు వాలేసరికి బాడీకి టెస్టు బల్బు తీగ ఆనించింది. వెలగలేదు. ఎక్కడా కరెంటు లీకు లేదు.

"నాగేష్, నీది పొద్దుగాల చుడ్త. గా మూలకున్న కర్ర పట్టుకరా. నీదే తే."

అతను తలూపాడు.

ఆండాలు మోటార్‌ను ఆటోలోకి ఎక్కించి, వాడిపోయిన సన్న వెన్నును మల్సూర్ చేతిలో పెట్టింది.

"నీళ్లు పారినంక కుట్లేయించుకో. పో."